మంచానికి పుట్టిన బీమా, కుర్చీలో జరిగే వైద్యం

మనసు బాగోలేనివారికి వైద్యం ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. చిన్న గది, రెండు కుర్చీలు. చేతికందే దూరంలో కాగితపు రుమాళ్ల పెట్టె. ఇద్దరికీ కనిపించేలా ఒక గడియారం. యాభై నిమిషాలు మాటలు. వారం తిరిగాక మళ్లీ అదే కుర్చీ. మందులు కూడా కావలసివస్తే నెలకోసారి ఇంకో డాక్టరు గదిలో ఇంకో కుర్చీ. ఇలా మూడు నెలలు, ఆరు నెలలు, కొందరికి ఏళ్లు. ఇంత కాలంలో చాలామంది ఒక్క రాత్రి కూడా ఆసుపత్రి మంచం మీద పడుకోరు.

ఇప్పుడు ఏదైనా ఆరోగ్య బీమా పాలసీ తెరిచి చూడండి. ఆసుపత్రిలో చేరిక, గది అద్దె, ఐసీయూ ఖర్చు, శస్త్రచికిత్స, డిశ్చార్జ్ సమ్మరీ. మాటలన్నీ మంచం చుట్టూనే తిరుగుతాయి. కనీసం 24 గంటలు చేరి ఉంటేనే క్లెయిమ్ అనే షరతు చాలా పాలసీల్లో కనిపిస్తుంది. అదే పాలసీలో ఏదో ఒక పేజీలో 'మానసిక అనారోగ్యానికీ వర్తిస్తుంది' అని ఒక వాక్యం ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. మానసిక జబ్బుతో ఆసుపత్రిలో చేరితే డబ్బిస్తారు. చేరకుండా కుర్చీలో కూర్చుని నయం చేసుకుంటే మాత్రం ఖర్చు సొంతం. మానసిక ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకుని బీమా ఎంచుకోవాలనుకునేవారు మొదట అర్థం చేసుకోవలసింది ఈ ఎడం గురించే. మిగిలిన ప్రశ్నలన్నీ దీని తర్వాతే.

ఈ ఎడం ఎవరో కుట్ర పన్ని పెట్టింది కాదు. 1929లో అమెరికాలోని డాలస్ నగరంలో బేలర్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి అక్కడి బడి టీచర్లతో ఒక ఒప్పందం చేసుకుంది. నెలకు అర డాలరు కడితే ఏడాదిలో 21 రోజుల దాకా ఆసుపత్రిలో ఉండి వైద్యం చేయించుకోవచ్చు. ఆ తర్వాత ఆ దేశంలో పెరిగిన ఆసుపత్రి బీమాకు అదే విత్తనం. మంచాలు నిండాలి, వాటి డబ్బు వసూలు కావాలి అన్నది ఆసుపత్రి అవసరం. జబ్బుచేసి మంచాన పడితే అప్పులపాలు కాకూడదన్నది టీచర్ల అవసరం. రెండూ మంచం దగ్గర కలిశాయి. బీమా లెక్క కూడా అక్కడే చక్కగా కుదిరింది. ఆసుపత్రిలో చేరడం అరుదు, ఖర్చు పెద్దది, సరదాకి ఎవరూ చేరరు. అరుదుగా ఒకరిమీద పడే పెద్ద బరువును పదిమందీ మోయడమే కదా బీమా అంటే.

ఆ రోజుల్లో మానసిక వైద్యం కూడా మంచం మీదే జరిగేది. తీవ్రమైన జబ్బున్నవారిని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి ఉంచేవారు. అమెరికాలో అలాంటి ఆసుపత్రుల్లో 1955లో ఐదున్నర లక్షలకు పైగా మనుషులు ఉన్నారు. ఆ ఖర్చు ప్రభుత్వాలదే కాబట్టి ప్రైవేటు బీమా దాని జోలికి పోలేదు. ఈలోగా వైద్యం మారిపోతూ వచ్చింది. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదం తగ్గించడానికి లిథియం పనికొస్తుందని ప్రకటించాడు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజీన్ అనే మనోవ్యాధి మందు వాడకం మొదలైంది. 1960ల్లో అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ ఆలోచనల తీరును మార్చి కుంగుబాటును తగ్గించే చికిత్సకు రూపం ఇచ్చాడు. ఇవాళ సీబీటీ అని అందరూ అంటున్నది అదే. 1978లో ఇటలీ ఏకంగా చట్టం చేసి పాతకాలపు పిచ్చాసుపత్రుల తలుపులు మూయడం మొదలుపెట్టింది. అమెరికాలో 1994 నాటికి ఆ ఐదున్నర లక్షల సంఖ్య 72 వేలకు పడిపోయింది. రోగి మంచం దిగాడు. బీమా కాగితం మాత్రం మంచం దగ్గరే ఉండిపోయింది.

ప్రభుత్వాల పద్ధతీ దీనికి భిన్నంగా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2019లో ప్రపంచంలో 97 కోట్ల మందికి, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి, ఏదో ఒక మానసిక అనారోగ్యం ఉంది. దేశాలు సగటున తమ ఆరోగ్య బడ్జెట్లో మానసిక ఆరోగ్యానికి ఇస్తున్నది 2 శాతమే. ఆ కొద్దిలోనూ మూడింట రెండు వంతులు విడిగా ఉన్న మానసిక ఆసుపత్రుల నిర్వహణకే పోతున్నాయని ఆ నివేదికే చెప్పింది. అక్కడా డబ్బు వెళ్తున్నది మంచానికే.

బీమా కార్డు చేతికొస్తే మనసుకు ఏమవుతుంది?

మానసిక ఆరోగ్యం, బీమా అనే రెండు మాటల్ని కలిపి మాట్లాడేటప్పుడు ఎక్కువగా వినిపించేది ఒక వైపు సంగతే. జబ్బొస్తే బీమా డబ్బిస్తుందా లేదా అన్నది. రెండో వైపు ఇంకా ఆసక్తికరం. అసలు బీమా ఉండడమే మనసుకు మేలు చేస్తుందా?

దీనికి అరుదైన సాక్ష్యం ఒకటి దొరికింది. 2008లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో పేదలకిచ్చే ప్రభుత్వ బీమాలో కొన్ని చోట్లు ఖాళీ అయ్యాయి. అడిగినవారందరికీ ఇచ్చేంత డబ్బు లేదు. అందుకని రాష్ట్రం లాటరీ తీసింది. దాదాపు 90 వేల మంది పేర్లిచ్చారు. లాటరీలో సుమారు 30 వేల పేర్లు వచ్చాయి. పేదవారికి వైద్యం లాటరీలో రావడం బాధాకరమైన విషయమే. కానీ పరిశోధకులకు అది మరో విధంగా సాధ్యంకాని పోలిక. పేరు వచ్చినవారికీ రానివారికీ మధ్య తేడా అదృష్టం ఒక్కటే.

రెండేళ్ల తర్వాత ఈ రెండు వర్గాల వారినీ పరీక్షించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. రక్తపోటులో, కొలెస్ట్రాల్‌లో, చక్కెర అదుపులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చాలామంది నిరుత్సాహపడ్డారు. కానీ కుంగుబాటు దగ్గర లెక్క వేరుగా ఉంది. బీమా రాని వర్గంలో పరీక్షించిన వారిలో 30 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. బీమా వల్ల అది 9 శాతం పాయింట్లకు పైగా తగ్గింది. అంటే దాదాపు మూడో వంతు. వైద్యం ఖర్చుతో ఇల్లు గుల్లయ్యే పరిస్థితి ఇంచుమించు పూర్తిగా తొలగిపోయింది.

ఇదంతా కుంగుబాటు మందుల వల్లేనా అంటే, మందుల వాడకం కచ్చితంగా పెరిగిందని ఆ అధ్యయనం తేల్చలేకపోయింది. కాబట్టి ఆ తగ్గుదలలో కొంత భాగమైనా 'రేపు ఏదైనా అయితే ఎలా' అన్న బెంగ తగ్గడం వల్ల వచ్చిందనుకోవడం సబబే. డబ్బు గురించిన భయం రాత్రుళ్లు మనిషి పక్కనే పడుకుంటుంది. నిద్రను తింటుంది. చిన్న నొప్పి వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లనివ్వదు. నొప్పి పెరిగినకొద్దీ తనూ పెరుగుతుంది. బీమా ఉన్న మనిషికి ఆ భయం కొంచెం ఎడంగా జరుగుతుంది. మనసు బాగుండడం కోసం ధ్యానం, నడక, నిద్ర అంటూ చెప్పే సలహాల పక్కన, తనకూ ఇంటివారికీ తగిన ఆరోగ్య బీమా చూసుకోవడాన్ని కూడా పెట్టాలి. ఇది అతిశయోక్తి కాదు, ఒరెగాన్ లెక్క చెప్పేది అదే.

సమానంగా చూడాలన్న చట్టాలు

బీమా సంస్థలు మానసిక వైద్యానికి దూరంగా ఉండడానికి కారణాలు లేకపోలేదు. కాలు విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది, ఎన్నాళ్లకు అతుక్కుంటుందో తెలుస్తుంది. దిగులుకు ఎక్స్‌రే లేదు. ఎన్ని సెషన్లు అవసరమో ముందే కచ్చితంగా చెప్పలేరు. పైగా జబ్బున్నవారే వెతుక్కుంటూ వచ్చి మంచి పాలసీ తీసుకుంటారనీ, మానసిక వైద్యానికి ధారాళంగా డబ్బిచ్చే సంస్థ దగ్గరికే వాళ్లందరూ చేరతారనీ భయం. 1970ల్లో అమెరికాలో మొదలైన రాండ్ అనే పరిశోధన సంస్థ బీమా ప్రయోగం ఈ భయానికి కొంత ఊతమిచ్చింది. చేతి నుంచి కట్టాల్సింది తగ్గితే జనం ఓపీ, అంటే ఆసుపత్రిలో చేరకుండా జరిగే మానసిక వైద్యాన్ని ఎక్కువగా వాడారు. కట్టమంటే మిగతా వైద్యం కన్నా ముందే దీన్ని వదిలేశారు.

బీమా సంస్థలు ఈ ఫలితంలో మొదటి సగమే చదివాయి. పాలసీ తీసుకునేవారు రెండో సగం చదవాలి. చిన్న మొత్తం కట్టాల్సివచ్చినా జనం మొదట మానేసేది మనసు వైద్యమే. పంటి నొప్పి భరించలేం గనుక వెళ్తాం. దిగులును మాత్రం 'ఇంకో వారం చూద్దాం' అని వాయిదా వేస్తాం. కాబట్టి ప్రతి సెషన్‌కూ చేతి నుంచి ఎంతో కొంత కట్టించే కో-పే షరతు, కాగితం మీద చిన్నగా కనిపించినా, మానసిక వైద్యంలో పెద్ద అడ్డుకట్ట.

చట్టాలు ఈ వివక్షను సరిచేయాలని చూశాయి. అమెరికా 1996లో తెచ్చిన చట్టం మానసిక వైద్యానికి ఏడాది పరిమితి, జీవితకాల పరిమితి శారీరక వైద్యంకన్నా తక్కువ పెట్టకూడదంది. సంస్థలు డబ్బు పరిమితి తీసేసి సెషన్ల సంఖ్యకు పరిమితి పెట్టాయి. 2008లో వచ్చిన చట్టం ఆ దారి కూడా మూసింది. అయినా ముందస్తు అనుమతులు, 'ఇది వైద్యపరంగా అవసరమేనా' అన్న పరిశీలనలు మిగిలే ఉన్నాయి. ఇలా సమానత్వం ఇస్తే ఖర్చు అదుపు తప్పుతుందన్న వాదన మాత్రం నిలబడలేదు. అమెరికా కేంద్ర ప్రభుత్వోద్యోగుల బీమాలో 2001 నుంచి సమాన కవరేజీ అమలు చేస్తే, ఖర్చు చెప్పుకోదగినంత పెరగలేదని 2006లో వచ్చిన అధ్యయనం చూపింది.

భారతదేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. శారీరక జబ్బుకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో మానసిక జబ్బుకూ అదే ప్రాతిపదికన ఇవ్వాలని దాని 21వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ చెబుతుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అదే ఏడాది ఆగస్టులో సంస్థలకు ఆదేశమిచ్చింది. మళ్లీ 2022లో అక్టోబరు 31ని గడువుగా పెట్టి గుర్తుచేయాల్సివచ్చింది. చట్టం వచ్చాక కూడా ఇన్నేళ్లు పట్టింది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. శారీరక జబ్బుకు ఓపీ ఖర్చు ఇవ్వని పాలసీ, మానసిక జబ్బుకూ ఇవ్వదు. రెంటినీ సమానంగానే చూసినట్టయింది. చట్టం మాట నిలబడింది, కుర్చీలో కూర్చున్న రోగికి మాత్రం ఏమీ రాలేదు.

కొన్ని దేశాలు నేరుగా కుర్చీకే డబ్బిచ్చే దారి పట్టాయి. ఇంగ్లండులో 2008 నుంచి ఆందోళన, కుంగుబాటు ఉన్నవారు తమంతట తాము పేరు నమోదు చేసుకుని ఉచితంగా మాటల చికిత్స పొందే పథకం ఉంది. ఆస్ట్రేలియా 2006లో మొదలుపెట్టిన పథకంలో సైకాలజిస్టు దగ్గర ఏడాదికి 10 వ్యక్తిగత సెషన్ల దాకా ప్రభుత్వ బీమా సాయం చేస్తుంది. కరోనా కాలంలో దాన్ని 20కి పెంచి, 2023లో మళ్లీ 10కే దించారు. జర్మనీలో చట్టబద్ధ బీమా మానసిక చికిత్సను భరిస్తుంది, కాకపోతే చోటు దొరకడానికి నెలలు వేచి ఉండాలి. అంటే కుర్చీకి బీమా ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. చేసి చూపిన దేశాలున్నాయి.

పాలసీ చదివేటప్పుడు

కాబట్టి పాలసీ చేతిలోకి తీసుకోగానే 'మానసిక అనారోగ్యం కవరవుతుందా' అని అడిగితే చాలదు. ఏజెంటు 'అవుతుందండీ' అంటాడు, అది నిజమే. అడగవలసింది ఇలా: ఆసుపత్రిలో చేరకుండా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే ఫీజు ఇస్తారా? సైకాలజిస్టు దగ్గర మాటల చికిత్సకు ఇస్తారా? ఏడాదికి ఎన్ని సెషన్లు? నెలనెలా మందుల ఖర్చు ఇస్తారా? జవాబు పాలసీ పత్రంలో ఏ పేజీలో ఉంది?

సెషన్ల సంఖ్యను పక్కన పెట్టి దాటేయకూడదు, అక్కడే అసలు లెక్క ఉంది. కుంగుబాటుకు సీబీటీ మామూలుగా 12 నుంచి 20 సెషన్ల దాకా నడుస్తుంది. మందులు మొదలుపెడితే, ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నోరు ఎండిపోవడం, కడుపులో తిప్పడం లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వచ్చేస్తాయి. మేలు కన్నా ముందు బాధ వస్తుంది కాబట్టి చాలామంది ఆ రెండు మూడు వారాల్లోనే మానేస్తారు. ఆ సమయంలో డాక్టరును మళ్లీ కలవడం ఎంతో అవసరం. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించమని వైద్యులు చెబుతారు. ఇప్పుడు ఒక పాలసీ 'ఏడాదికి నాలుగు కౌన్సెలింగ్ సెషన్లు ఉచితం' అని ఆకర్షణగా చూపిస్తోందనుకుందాం. నాలుగు సెషన్లలో మనిషి తన కష్టం చెప్పుకోవడం మాత్రమే పూర్తవుతుంది. గాయం విప్పి, కట్టు కట్టకుండా పంపినట్టు.

ఎవరి దగ్గరికి వెళ్తే ఇస్తారన్నది తర్వాతి ప్రశ్న. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మనోవైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు శిక్షణ పొంది మాటల చికిత్స చేస్తారు. కౌన్సెలర్ అనే మాట మాత్రం చాలాచోట్ల ఎవరైనా పెట్టుకోవచ్చు. కొన్ని పాలసీలు డాక్టరు ఫీజు ఇచ్చి సైకాలజిస్టు ఫీజు ఇవ్వవు. మాటల చికిత్స చేసేది ఎక్కువగా ఆ రెండోవారే కాబట్టి ఈ తేడా చాలా పెద్దది.

మినహాయింపుల పేజీలో రెండు మాటలు ప్రత్యేకంగా వెతకాలి. ఒకటి మద్యం, మాదకద్రవ్యాల అలవాటు. దాని చికిత్సను పూర్తిగా మినహాయించే పాలసీలు ఎన్నో. అలవాటు, కుంగుబాటు చాలాసార్లు చెట్టాపట్టాలేసుకుని వస్తాయి. ఒకదానికి డబ్బిచ్చి ఇంకోదానికి ఇవ్వకపోతే వైద్యం సగంలో ఆగుతుంది. రెండోది 'తనకు తాను చేసుకున్న గాయం'. ప్రాణం తీసుకోబోయిన మనిషి ఐసీయూలో ఉన్నప్పుడు, ఇంటివాళ్లకు ఈ ఒక్క పదబంధం క్లెయిమ్ నిరాకరణై ఎదురవుతుంది. కుంగుబాటు అనే జబ్బు వల్ల జరిగిన గాయానికి, ఆ జబ్బు పేరు చెప్పి వైద్యం డబ్బు ఆపడం అన్యాయం. ఉద్యోగుల గ్రూపు బీమాలో, జబ్బు కారణంగా జరిగిన అలాంటి గాయాన్ని మినహాయించకూడదని అమెరికా నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. అన్నిచోట్లా అలా ఉండాలి.

ఇక నెట్‌వర్క్ జాబితా, అంటే బీమా సంస్థతో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆసుపత్రుల జాబితా. అందులో పేజీల కొద్దీ పేర్లుంటాయి. 2023లో అమెరికా సెనేట్ ఫైనాన్స్ కమిటీ సిబ్బంది, బీమా జాబితాల్లో ఉన్న 120 మంది మానసిక వైద్య నిపుణులకు రోగుల తరఫున ఫోన్ చేసి చూశారు. అపాయింట్‌మెంట్ దొరికింది 18 శాతం సార్లే. మిగతావి పనిచేయని నంబర్లు, కొత్తవారిని తీసుకోనివారు, ఆ నెట్‌వర్క్‌లోనే లేనివారు. దీన్ని ఎవరికి వారు పరీక్షించుకోవచ్చు. పాలసీ తీసుకోకముందే జాబితాలోంచి ఐదుగురికి ఫోన్ చేయాలి. 'కొత్తవాళ్లను చూస్తున్నారా, మొదటి అపాయింట్‌మెంట్ ఎప్పటికి దొరుకుతుంది' అని అడగాలి. అరగంట పని. మనసు కుదురుగా ఉన్నప్పుడు అరగంటే. కుంగుబాటులో ఉన్న మనిషికి ఒక్క ఫోన్ చేయడమే కొండెక్కినంత. ఐదోది దాకా చేరడం మాట అటుంచి, మొదటిది మోగి ఆగిపోగానే ఫోను పక్కన పెట్టి దుప్పటి కప్పుకుంటారు. ఈ పనులన్నీ బాగున్న రోజుల్లోనే చేసి పెట్టుకోవాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

దరఖాస్తులో ఆ ఒక్క ప్రశ్న

దరఖాస్తు ఫారంలో ఒక చోట పెన్ను ఆగుతుంది. 'గతంలో ఏదైనా మానసిక సమస్యకు వైద్యం లేదా కౌన్సెలింగ్ తీసుకున్నారా?' అవును, కాదు అని రెండు గళ్లు. మూడేళ్ల కిందట ఆరు నెలలపాటు మందులు వాడి, పూర్తిగా తేరుకుని, ఆ సంగతి ఇంట్లో ఒక్కరికే తెలిసిన మనిషి ఆ గళ్ల ముందు ఏం చేస్తారు? అవును అంటే ప్రీమియం పెరుగుతుందేమో, అసలు పాలసీయే ఇవ్వరేమో, ఆఫీసులో తెలుస్తుందేమో. చాలామంది 'కాదు' దగ్గర టిక్కు పెట్టేస్తారు.

ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఆ టిక్కు చాలా ప్రమాదకరం. బీమా ఒప్పందం రెండు వైపులా పూర్తి నిజాయితీ మీద నడుస్తుంది. దాచిన సంగతి బయటపడితే, దానితో సంబంధం లేని గుండె జబ్బు క్లెయిమ్ కూడా ఆగిపోవచ్చు. చెప్పినవారికి సాధారణంగా పడే శిక్ష వెయిటింగ్ పీరియడ్. ముందునుంచీ ఉన్న జబ్బుకు కొన్నేళ్లు ఆగాలి. భారతదేశంలో 2024 నుంచి ఇది 36 నెలలు మించకూడదు. దాచినవారి మీద మాత్రం కత్తి ఏళ్ల తరబడి వేలాడుతూనే ఉంటుంది. అదే నిబంధనల ప్రకారం 60 నెలలు ఎడతెగకుండా పాలసీ కొనసాగితే, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. కానీ ఆ ఐదేళ్లూ ఆ బెంగ మోయడం, అదీ మనసు ఆరోగ్యం కోసం తీసుకున్న పాలసీతో, ఎందుకు?

ఇంకో అలవాటు కూడా ఉంది. రోగి బతిమాలితే డాక్టరు కుంగుబాటు అని రాయకుండా 'నిద్రలేమి' అనో 'బలహీనత' అనో రాస్తారు. దయతోనే రాస్తారు. తర్వాత మందుల చీటీలో కుంగుబాటు మందు, పైన జబ్బు పేరు నిద్రలేమి. బీమా కార్యాలయంలో ఫైలు చూసేవారికి రెండూ పొసగవు.

ఆలస్యంగా మొదలుపెట్టడమే అన్నిటికన్నా పెద్ద నష్టం. మానసిక జబ్బుల్లో సగం 14 ఏళ్ల లోపు, నాలుగింట మూడు వంతులు 24 ఏళ్ల లోపు మొదలవుతాయని 2005లో ప్రచురించిన అమెరికా పెద్ద సర్వే ఒకటి తేల్చింది. గుండె జబ్బు, చక్కెర జబ్బు నడివయసు బీమా లెక్కలు. మనసు జబ్బు పిల్లల వయసులో మొదలయ్యే లెక్క. కుటుంబ పాలసీలో పిల్లలకు ఏ వయసు దాకా చోటుంది, ఆ వయసు దాటితే వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటినుంచి మొదలవుతుందా అన్నది తల్లిదండ్రులు తప్పక అడగాలి.

కోడ్ లేని బాధ

బీమా జబ్బు పేరుతో మొదలవుతుంది. బిల్లు మీద అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం ఒక కోడ్ ఉండాలి. ఆ వర్గీకరణ పేరు ఐసీడీ-10, అందులో కుంగుబాటుకు ఎఫ్32, ఆందోళన జబ్బులకు ఎఫ్41. అదే వర్గీకరణలో ఉద్యోగ సమస్యలకు జెడ్56, కుటుంబ సమస్యలకు జెడ్63 అని కోడ్లున్నాయి గానీ, అవి జబ్బులు కావు కాబట్టి బీమా సంస్థలు సాధారణంగా వాటికి డబ్బివ్వవు. అంటే ఆఫీసులో రోజూ అవమానపడుతూ, ఇంట్లో గొడవలతో నలుగుతూ ఉన్న మనిషికి బీమా తలుపు తీసేది ఆ నలుగుడు జబ్బుగా ముదిరాకే.

ఆ ముందటి కాలమంతా సొంత జాగ్రత్త మీదే గడవాలి. నిద్ర సంగతి చూసుకోవడం అన్నిటికన్నా ముందు. నిద్ర పట్టకపోవడం మనసు జబ్బుకు లక్షణమూ, కారణమూ. దీర్ఘకాలం నిద్రలేమి ఉంటే మాత్రల కన్నా ముందు సీబీటీ పద్ధతినే వాడాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో సూచించింది. రోజూ ఒళ్లు కదలడం, మనసు విప్పి మాట్లాడగల ఒక్క మనిషైనా ఉండడం, మద్యంతో దిగులు దించుకోకపోవడం. ఇవి అందరికీ తెలిసినవే, తెలిసినంత మాత్రాన తేలికైనవి కావు.

సొంత జాగ్రత్త ఎక్కడ ఆగాలి, వైద్యం ఎక్కడ మొదలవ్వాలి? పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి దీనికి పనికొస్తుంది. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. పది, అంతకు మించితే డాక్టరును కలవాలి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఇంకేం వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే ఎవరితోనైనా చెప్పాలి. అపాయింట్‌మెంట్ కోసం, పాలసీ నిబంధనల కోసం ఆగే సందర్భం కాదది.

ఉద్యోగం ద్వారా వచ్చే గ్రూపు పాలసీల గురించి కూడా ఒక మాట. వాటిలో చాలాసార్లు మొదటి రోజునుంచే ముందు జబ్బులకు కవరేజీ ఉంటుంది, పాత మానసిక సమస్య ఉన్నవారికి అది పెద్ద వరం. కానీ ఉద్యోగం పోయిన రోజు అదీ పోతుంది. ఉద్యోగం పోవడమే మనసును కుంగదీసే సంఘటన, సరిగ్గా అప్పుడే వైద్యానికి దారి మూసుకుపోతుంది. అందుకే ఉద్యోగంలో ఉండగానే సొంతంగా ఒక చిన్న పాలసీ అయినా తీసుకుని, దాని వెయిటింగ్ పీరియడ్ గడవనివ్వడం మంచిది.

చివరగా, ఈ కాగితాలు ఎవరి చేతిలో ఉండాలన్నది. మనసు జబ్బు ముదిరినప్పుడు మొదట దెబ్బతినేది ఫారాలు నింపే ఓపికే. పాలసీ నంబరు, హెల్ప్‌లైన్, చూస్తున్న డాక్టరు పేరు, వాడుతున్న మందుల చీటీ, ముందస్తు అనుమతికి పంపాల్సిన ఫారం. ఇవన్నీ ఒక కవరులో పెట్టి, నమ్మకమైన ఇంకొకరికి ఆ కవరు ఎక్కడుందో చూపించాలి. భారతదేశ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, తనకు ఎలాంటి వైద్యం కావాలో, వద్దో ముందే రాసిపెట్టుకోవడానికీ, తన తరఫున నిర్ణయించే మనిషిని పేరు పెట్టి నియమించుకోవడానికీ వీలిచ్చింది. ఆ మనిషి ఎవరో నిర్ణయించి, వారిని అడిగి ఒప్పించి, వారి ఫోన్ నంబరు ఆ కవరు పైనే రాయాలి.